పదమూడు పైకి, పదమూడు కిందికి

మే నెల మూడో మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. స్థలం: కొరాపుట్ కొండల మీది ఫ్యాక్టరీ టౌన్‌షిప్, నీటి సరఫరా కంట్రోల్ రూము.

హాజరైనవారు:
పాణిగ్రాహి గారు, టౌన్‌షిప్ అధికారి.
సిస్టర్ మేరీ, ఆస్పత్రి నర్సు, ఫిర్యాదు చేసినవారు.
గౌరి, కాంట్రాక్టు ఆపరేటరు, ఫిర్యాదు ఈమె మీదే.
నేను, సింహాచలం, ఇదే గదిలో పనిచేసి రిటైరై ఆరేళ్ళయింది.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నాకు ఈ అలవాటు ఉంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరు అన్నవి ముందు రాస్తాను, ఏం జరిగిందన్నది తర్వాత. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నా అనుభవాలు రాయమని అడుగుతుంటారు. నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో వాళ్ళకు అక్కర్లేదు. ఒక మౌస్ చక్రం వల్ల ఇద్దరి మీద నింద ఎలా పడిందో, అందులో నా వాటా ఎంతో చెబితే ఏమైనా పనికొస్తుంది.

ఆ గదిలో పని

కొండ మీద పెద్ద ట్యాంకు. కింద అరవై దాకా వీధులు, మా భాషలో లైన్లు. అన్నిటికీ ఒకేసారి నీళ్ళివ్వలేం కాబట్టి వంతులు. ఒక్కో లైనుకు ఒక్కో వాల్వు. ఏ వాల్వు ఎన్నింటికి తెరవాలి, ఎన్నింటికి మూయాలి అన్నది ఒక ఫైలులో ఉంటుంది. అది మామూలు అక్షరాల ఫైలు. వాల్వుకో వరుస, అన్నిటికన్నా పైన హెడ్డింగు వరుస. హెడ్డింగులో వేసవి ఉదయం, వేసవి సాయంత్రం, చలికాలం ఉదయం అంటూ గడుల పేర్లుంటాయి. కింది వరుసల్లో అంకెలు తప్ప ఏమీ ఉండవు. వరుస మొదట్లో కూడా లైను పేరు ఉండదు, వాల్వు నంబరు ఉంటుంది.

ఈ ఫైలును నల్లటి టెర్మినల్ తెర మీద ఒక పాత ఎడిటర్‌లో తెరిచి మారుస్తాం. రంగులు, బొమ్మలు ఏమీ ఉండవు. నా రోజుల్లో దాన్ని ప్రింటు తీసి ఇస్తే ఖలాసీలు వెళ్ళి చేత్తో వాల్వులు తిప్పేవారు. ఇప్పుడు మోటార్లు ఆ ఫైలు చదువుకుని తిప్పుతున్నాయి. మారింది అంతే. వరుస తప్పితే ఒక వీధి ఎండుతుంది, ఇంకో వీధి తడుస్తుంది. అది మారలేదు.

రథ్ గారి తొందర

నాకు పని నేర్పిన అధికారుల్లో రథ్ గారు ఒకరు. కాగితం రోజుల నుంచి వచ్చిన మనిషి. ఆయన నియమం ఒకటే: పని పూర్తయ్యేదాకా ఆర్డరు రిజిస్టరు మీంచి ఎడమచేతి వేలు తియ్యకూడదు. వేలు తీస్తే వరుస మారిపోతుందని ఆయన భయం. కాగితానికి అది మంచి నియమమే. కంప్యూటరు వచ్చాక కూడా మేం అలాగే చేశాం. ఎడమ వేలు రిజిస్టరు మీద, కుడిచెయ్యి మౌస్ మీద, చూపు రిజిస్టరు మీద. తెర వైపు చూసేది తక్కువ.

ఒకరోజు ఆయన నా పక్కన కూర్చుని చూసి విసుక్కున్నారు. "ఏమిటిది, చక్రం ఒక టిక్కు తిప్పితే ఒక్క వరుస పాకుతోంది? నత్త కూడా దీనికన్నా నయం."

ఇక్కడ చిన్న విషయం చెప్పాలి. అలాంటి ఎడిటర్‌లో మౌస్ చక్రం పేజీని జరపదు. బాణం మీట నొక్కినట్టు కర్సర్‌నే నడిపిస్తుంది. ఒక టిక్కుకు ఎన్ని వరుసలు నడవాలన్నది మనం పెట్టుకునే సెట్టింగు. నేను రెండురోజులు వెతికి ఆ సెట్టింగు పట్టుకుని ఒకటిని మూడు చేశాను. కర్సర్ పరుగెత్తింది. రథ్ గారు నా భుజం తట్టారు. ఆ రాత్రి డైరీలో "చక్రం మూడు వరుసలు. సాహెబ్ సంతోషించారు" అని రాసుకున్నాను. తర్వాత యంత్రాలు మారినప్పుడల్లా ఆ సెట్టింగును కొత్తదానికి ఎక్కించుకుంటూ పోయాం.

ఒక చిక్కు మిగిలింది. అంకె మార్చే ముందు ఇది ఏ గడి అని అనుమానం వస్తుంది. హెడ్డింగు చూడ్డానికి పైకి వెళ్ళాలి, మళ్ళీ సొంత వరుసకు రావాలి. చూపేమో రిజిస్టరు మీద ఉంటుంది. అందుకు నేనో ఉపాయం కనిపెట్టాను. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి గోడకు అంటించాను:

"చక్రం ఎన్ని టిక్కులు పైకి తిప్పితే అన్ని టిక్కులే కిందికి తిప్పాలి. వరుస తప్పదు."

నా తర్వాత వచ్చినవాళ్ళంతా దాన్ని చూసే నేర్చుకున్నారు. అధికారులు మారినప్పుడు గోడకు సున్నం వేశారు గానీ ఆ కాగితాన్ని వదిలేశారు. అది చూసి నాకు గర్వంగా ఉండేది.

గౌరి ఫోను

రిటైరయ్యాక నేను రాయగడలో ఉంటున్నాను. ఆ మంగళవారానికి నాలుగు రోజుల ముందు, శుక్రవారం, ఫోను మోగింది.

"మాస్టారూ, నాను గౌరిని. నీళ్ళాపీసు గౌరిని."

"సెప్పమ్మీ, ఏటి సంగతి?"

"నా పని అయిపోయింది మాస్టారూ. ఆస్పత్రి లైనుకి పొద్దుట అరగంట పెంచమని ఆర్డరొచ్చింది. ఆ అరగంట మా ఖలాసీ లైనుకి ఎక్కేసింది. నాను కావాలనే మా ఈదికి మళ్ళించుకున్నానంట. నెలాఖరికి నా కాంట్రాక్టు తిరగరాయాల. దొంగకి కాంట్రాక్టేటి అంటన్నారు. మంగళారం ఇచారణంట, అందాకా ఫైలు ముట్టుకోవద్దన్నారు."

"ఎన్నాళ్ళయింది?"

"పదిరోజులు. మా అమ్మ బిందెలు నింపుకుని ఊరుకుందా? పరుపులు కూడా ఉతికి డాబా మీద ఆరేసింది. ఆస్పత్రోళ్ళ క్వార్టర్ల కిటికీల్లోంచి తిన్నగా కనిపిస్తాయవి! ఇప్పుడు నాను నిజం సెప్తే ఎవుడు నమ్ముతాడు?"

"నువ్వు ఏ వరుసలో కొట్టేవు?"

"ముప్పై ఎనిమిదిలోనే! గోడ మీద మీ కాయితం సూసే సేసేను. పదమూడు టిక్కులు పైకెళ్ళి హెడ్డింగు సూసేను. పదమూడు టిక్కులు కిందికొచ్చి కొట్టేను. అది నలబయ్యిలో ఎలాగెక్కిందో దేవుడికే తెలాల."

ఫోను పెట్టేశాను. గౌరి అబద్ధం ఆడదని నాకు తెలుసు. ఆమెకు మొదటి నెల పని నేర్పింది నేనే. అయితే ఫైలు కూడా అబద్ధం ఆడదు కదా అనుకున్నాను. పెన్సిలు తీసుకుని లెక్క వేశాను.

ముప్పై ఎనిమిదో వరుసలో ఉన్నాం. పైన ఉన్నవి ముప్పై ఏడు వరుసలే. టిక్కుకు మూడు చొప్పున పదమూడు టిక్కులంటే ముప్పై తొమ్మిది. కర్సర్ ముప్పై ఏడు వరుసలు ఎక్కి ఫైలు పై అంచుకు తగిలి ఆగిపోతుంది. మిగిలిన రెండూ వృథా. చక్రం మాత్రం టిక్కుమనే అంటుంది, చేతికి తేడా తెలియదు. కిందికి దిగేటప్పుడు అడ్డేమీ లేదు, ముప్పై తొమ్మిదీ పూర్తిగా దిగుతుంది. ఒకటో వరుస నుంచి ముప్పై తొమ్మిది దిగితే నలభై. ఖలాసీ లైను.

అంత పొడవు ఫైలులో కిందికి వచ్చినప్పుడు కర్సర్ ఎప్పుడూ తెర అడుగు వరుసలోనే నిలుస్తుంది. వరుస మొదట్లో వాల్వు నంబరు పట్టి చూస్తే తప్ప, ముప్పై ఎనిమిదైనా, నలభై అయినా తెర చూడ్డానికి ఒకేలా ఉంటుంది. నేను ఒకటిని మూడు చెయ్యకపోతే ఇది జరిగేది కాదు. ఒక్కో వరుస నడిచేటప్పుడు హెడ్డింగు తగలగానే ఆగుతాం, మిగులు ఉండదు.

గోడ మీద "వరుస తప్పదు" అని రాసింది నేను. తప్పించిందీ నేనే.

పాత పేజీ

పెన్సిలు కింద పెట్టేలోపే అప్పలస్వామి గుర్తొచ్చాడు.

పన్నెండేళ్ళ కిందటి సంగతి. అప్పలస్వామి వాల్వు ఖలాసీ. ఒకరోజు బడి లైనుకు నీళ్ళు రాలేదు. పక్క లైనులో వీధి మీద పారాయి. విచారణలో అప్పలస్వామి ఒకటే మాట అన్నాడు: "కాయితంలో ఉన్నట్టే తిప్పేను." అతని కాగితం వర్షంలో నాని ముద్దయిపోయింది. విచారణ నాటికి ఫైలులో వచ్చే నెల వేళలు ఎక్కించేశాం. అధికారి నన్ను అడిగారు. "కంప్యూటరు తప్పు చెయ్యదండి" అని నేను చెప్పాను. అప్పలస్వామిని పొట్టంగి వైపు పంపు హౌసుకు మార్చారు. పెళ్ళాం పిల్లల్ని ఇక్కడ వదిలి మూడేళ్ళు అక్కడ ఉన్నాడు.

ఆ ఏడాది డైరీ తీశాను. ముఖ్యమైన ప్రింట్లు పేజీల్లో అంటించుకోవడం నా అలవాటు. ఆ వారం ప్రింటు ఉంది. ఆర్డరు ముప్పయ్యో వరుసకు. నేను అంకె కొట్టింది ముప్పై ఒకటిలో. పది టిక్కులు పైకి, పది కిందికి. పైన ఇరవై తొమ్మిది వరుసలే ఉన్నాయి, ఒకటి వృథా. ఆ ప్రింటు పన్నెండేళ్ళు నా బీరువాలోనే ఉంది. నేను అంటించాను గానీ చదవలేదు. దాని కింద నా చేతిరాతే: "కారణం: ఖలాసీ అశ్రద్ధ."

డైరీ రాసేవాళ్ళకు ఒక మాట. రాసుకోవడం మంచిదే. కానీ రాసి మూసేస్తే అది డైరీ కాదు, గోతాం.

అప్పలస్వామి ఇంట్లో

అతను కూడా రాయగడలోనే స్టేషను వెనక వీధిలో ఉంటాడు. వారం వారం కూరల బజారులో కనిపిస్తాడు, తల ఊపుతాడు, వెళ్ళిపోతాడు. ఆదివారం డైరీ చంకలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు.

"ఏటి బావూ, దారి తప్పేవా?"

నేను నిలబడే మొత్తం చెప్పాను. ప్రింటు చూపించాను. అతను అద్దాలు పెట్టుకుని ముప్పై ఒకటో వరుస మీద గోరుతో రెండుసార్లు గీశాడు.

"కాయితంలో ఉన్నట్టే తిప్పేనని సెప్పేనా నేదా?"

"సెప్పేవు."

"మరి కంప్యూటరు తప్పు సెయ్యదని ఎవుడన్నాడు?"

"నేనే."

"కంప్యూటరు సెయ్యనేదులే. నువ్వే సేసేవు." అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "నా పేరు కాడ ఏటి రాసేవు ఈ బుక్కులో?"

చదివి వినిపించాను. నవ్వు ఆగిపోయింది.

"అశ్రద్ధ. మూడేళ్ళు పొట్టంగి గాలిలో వొణికేను బావూ. నా సిన్నదానికి జొరమొస్తే కబురు మూడోనాటికి అందింది. కొట్టీ ఆ మాట."

"నా డైరీలో కొట్టివేతలుండవు అప్పలసామీ. ఏది రాస్తే అది ఉంటుంది."

"అయితే పక్కన రాయి. నా కళ్ళ ముందర రాయి."

మంచం అంచున కూర్చుని అంచు ఖాళీలో రాశాను: "పై మాట తప్పు. తప్పు నాది. అప్పలస్వామి కాగితంలో ఉన్నట్టే తిప్పాడు." తేదీ వేసి సంతకం చేశాను. అతను పేజీ తన వైపు తిప్పుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. తర్వాత అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నాకింకేటి తిరిగొస్తాది, ముసిలోణ్ణి. ఆ పిల్ల పని పోకుండా సూడు. అక్కడ నా సంగతి కూడా సెప్పు. గట్టిగా సెప్పు, సెవుల్లో గొణక్కు."

పాణిగ్రాహి గారి వేలు

మంగళవారం తెల్లవారుజామున రైలెక్కాను. రాయగడ నుంచి కొరాపుట్ వైపు వెళ్ళే దారిలో సొరంగాలు ఎక్కువ. వెలుగొస్తే లెక్క సరిచూసుకుంటూ, చీకటొస్తే కాగితం మడుచుకుంటూ వెళ్ళాను.

గదిలో గౌరి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. సిస్టర్ మేరీ పార్వతీపురం వైపు ఆవిడ, మాట దాచుకోదు. "రేత్రి డ్యూటీ సేసి కొంపకొస్తే కొళాయిలో గాలి. కిటికీలోంచి సూస్తే ఎదరింటి మీద పరుపులు. ఇంకేటనుకోమంటారు?" అంది.

పాణిగ్రాహి గారు ఒడియాలో మాట్లాడారు. తెలుగులో రాస్తున్నాను. "ఆమె లాగిన్, ఆమె వేళ్ళు, ఆమె వీధి. ఇంకేం విచారించాలి? మీరు పెద్దవారు, ఆమె మీద జాలితో వచ్చారు."

నేను లెక్క చెప్పబోయి మానేశాను. కుర్చీలో ఉన్నవాళ్ళకు నిలబడ్డవాళ్ళ లెక్కలు బుర్రకెక్కవని నా సర్వీసులో నేర్చుకున్నాను. "సార్, ఒక్కసారి మీరే చేసి చూడండి. నకలు ఫైలు పెడతాను" అన్నాను.

ఆయన కూర్చున్నారు. రిజిస్టరు తెచ్చి ఒళ్ళో పెట్టాను. ఎడమ వేలు ఆస్పత్రి లైను ఆర్డరు మీద ఆన్చమన్నాను. ముప్పై ఎనిమిదో వరుసలో కర్సర్ నిలిపి అందరికీ చూపించాను. హెడ్డింగు దాకా వెళ్ళమన్నాను. ఆయన పైకే లెక్కపెట్టుకుంటూ తిప్పారు. పదమూడు. ఏ గడి వేసవి ఉదయమో చూసుకున్నారు. మళ్ళీ రిజిస్టరు మీద చూపు పెట్టి పదమూడు కిందికి తిప్పారు. అంకె కొట్టారు.

"ఇప్పుడు తెర చూడండి సార్."

చూశారు. కొత్త అంకె నలభయ్యో వరుసలో ఉంది. ఆయన తెర మీదికి వంగి వరుసలు లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. ఎడమ వేలు ఇంకా రిజిస్టరు మీదే ఉంది.

"మీ ఇల్లు ఖలాసీ లైనులో లేదు కదా సార్?" అన్నాను.

ముందు సిస్టర్ మేరీ నవ్వింది. ఆ తర్వాత ఆయన. గౌరి నవ్వలేదు. గోడకు ఆనినదల్లా నేల మీద కూర్చుండిపోయి కొంగుతో ముఖం కప్పుకుంది.

అప్పుడు పాత డైరీ తీసి అప్పలస్వామి పేజీ గట్టిగా చదివాను. అంచులో రాసింది కూడా చదివాను. గోడ మీది కాగితం నాదని, ఆ మాట తప్పని, మూడు వరుసల సెట్టింగు పెట్టింది నేనేనని చెప్పాను. పాణిగ్రాహి గారు గౌరి కాంట్రాక్టు కాగితం తెప్పించుకుని సంతకం పెట్టారు. తర్వాత, "ఆ అప్పలస్వామి పాత రికార్డులో ఈ పేజీ నకలు పెట్టిస్తాను" అన్నారు. అది నేను అడగలేదు.

సిస్టర్ మేరీ గౌరిని లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. "ఊరుకో అమ్మీ. అయితే మీ అమ్మ పరుపులు ఉతుక్కున్న నీళ్ళు మావేనన్నమాట. ఉతికిందేదో శుబ్బరంగా ఉతికిందిలే."

ఏం మార్చాం

మధ్యాహ్నం నేనూ గౌరీ కూర్చున్నాం. ముందు అసలు ఫైలులో ఆ అరగంటను నలభయ్యో వరుస నుంచి తీసి ముప్పై ఎనిమిదిలో పెట్టాం. చక్రాన్ని మళ్ళీ టిక్కుకు ఒక్క వరుస చేశాం. హెడ్డింగు ఎప్పుడూ తెర పై భాగంలో నిలిచి ఉండేలా తెరను రెండు ముక్కలు చేసింది గౌరి. ఇక దానికోసం పైకి పోనక్కర్లేదు. నాకు తోచని ఉపాయం అది. వరుస నంబర్లు పక్కన కనిపించేలా, కర్సర్ ఉన్న వరుస వెలిగేలా పెట్టాం. ఫైలు మూసే ముందు మార్చిన వరుసను పైకి చదవాలని నియమం పెట్టుకున్నాం. గోడ మీది కాగితాన్ని నేనే పీకాను. జిగురు గట్టిపడి, సున్నం పెళ్ళతో సహా ఊడింది.

కొత్తగా వచ్చేవాళ్ళకు చెప్పదలచింది ఇంతే. పెద్దవాళ్ళు గోడకు అంటించిన మాటను ఒకసారి లెక్క వేసి చూడండి. పై అధికారి భుజం తట్టిన రోజున ఇంకాస్త గట్టిగా చూడండి. రథ్ గారు చెడ్డవారు కారు. వేలు నియమం కాగితానికి సరిపోయింది, తెరకు సరిపోలేదు. ఆ తేడా చూడాల్సినవాణ్ణి నేను. ఇంకొకటి: కింది ఉద్యోగి "కాయితంలో ఉన్నట్టే చేశాను" అంటే ముందు కాగితం వెతకండి.

సాయంత్రం అప్పలస్వామికి ఫోను చేశాను. "గట్టిగానే సెప్పేవా?" అన్నాడు. చెప్పానన్నాను. "సరే, వచ్చే వారం బజారులో కలువు. అల్లం ఎలా ఎంచాలో సూపిస్తాను, నీకు ఎప్పుడూ పీచుదే అంటగడతారు" అన్నాడు.

మర్నాడు

బుధవారం, ఉదయం ఐదున్నర. ఖలాసీ లైను. హాజరు: వీధి మొత్తం, నేను.

కొళాయి వచ్చింది. బిందెల వరుస కదిలింది. సరిగ్గా ఆరు గంటలకు ధార సన్నబడి, చుక్కలై ఆగిపోయింది. నేను గడియారం చూసుకున్నాను. అదే నిమిషాన సిస్టర్ మేరీ ఫోను చేసి, మాట్లాడకుండా ఫోనును కొళాయి దగ్గర పెట్టింది. బకెట్టులో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది.

ఇక్కడ వీధంతా గౌరి మీద పడింది.

"ఏటే గౌరీ, నీ ఉద్యోగం నిలబడింది, మా కొళాయి పడుకుంది!"

"రెండు వారాలు మారాణిలాగ నీళ్ళిచ్చేవు, ఏటొచ్చింది నీకు రోగం?"

"ముందరే సెప్తే దుప్పట్లు కూడా ఉతికేసుందును కదా," అంది వాళ్ళమ్మ.

"నాను దొంగనైతే మీకు బాగుండును," అని గౌరి నడుం మీద చెయ్యి పెట్టుకుని అందరి ముందూ నవ్వింది. సగం నిండిన బిందెను చంకకెత్తుకుంది.

"రండి మాస్టారూ, టీ తాగుదురు గాని. నీళ్ళు సగమే ఉన్నాయి, సిన్న గ్లాసుతో ఇస్తాను."